పాచికని ‘స్క్వేర్’ అనే పిల్లలకి ఘనాకారాలు నేర్పడం ఎలా

లూడో పాచిక అరచేతిలో పెట్టి "ఇదేటి తల్లీ?" అని అడిగాను. నాలుగో తరగతి పిల్ల. "స్క్వేర్ అత్తా" అంది. గోడ మీదున్న చార్టులో పాచిక బొమ్మ చూపించి అడిగితే మాత్రం తడుముకోకుండా "క్యూబ్" అంది. బొమ్మకి పేరు తెలుసు, చేతిలో ఉన్న వస్తువుకి తెలీదు. ఆ పిల్ల తప్పేమీ లేదు. అంతకుముందు రెండేళ్ళపాటు ఆ చార్టు ముందు కూర్చోబెట్టి పేర్లు వల్లె వేయించింది నేనే. ఆ రోజే చార్టు తీసి అటక మీద పెట్టేశాను.

మాది ఒడిశాలోని పర్లాకిమిడి. సాయంత్రం అయిదున్నర అయ్యేసరికి మా అరుగు మీదకి పదిమంది దాకా పిల్లలు వస్తారు. ఇంట్లో తెలుగు మాట్లాడతారు, బళ్ళో ఒడియాలో చదువుతారు, లెక్కల మాటలు సగం ఇంగ్లీషులో వింటారు. గుణుపూర్, రాయగడ, బరంపురం వైపు తెలుగు ఇళ్ళల్లోనూ చాలాచోట్ల ఇదే సంగతి. ఒకే వస్తువుకి మూడు భాషల్లో మూడు పేర్లు మీద పడేసరికి, పేరు గుర్తుపెట్టుకోవడమే చదువు అనుకుంటారు పిల్లలు. అందుకే నేను పేరుని చివరికి జరిపాను. ముందు చేత్తో పట్టుకోవాలి, తరవాత సొంత మాటల్లో చెప్పాలి, "ఎలా తెలిసింది?" అంటే కారణం చూపించాలి. పేరు ఆ తరవాత. అయిదేళ్ళ పిల్లల దగ్గర్నుంచి ఏడో తరగతి దాకా ఈ వరస పనికొస్తుంది. ఎవరిని ఎక్కడ ఆపాలో దారిలో చెప్తాను.

ముందు ఒక బుట్ట నింపండి

డబ్బు ఖర్చు పెట్టక్కర్లేదు. అగ్గిపెట్టె, సబ్బు అట్టపెట్టె, టూత్‌పేస్టు డబ్బా, లూడో పాచిక, టార్చిలైటు సెల్లు, కొవ్వొత్తి, గోళీలు, రబ్బరు బంతి, పుట్టినరోజు టోపీ, అయిపోయిన గోరింటాకు కోను, బొంగరం, స్టీలు గ్లాసు, సోల, గుడారంలా నిలబడే టేబుల్ క్యాలెండర్, ఒక నిమ్మకాయ, ఒక గులకరాయి. ఒకే రకం ఆకారం కనీసం మూడు సైజుల్లో దొరికేలా చూసుకోండి. చిన్నది, పెద్దది, బక్కపలచటిది. లేకపోతే పిల్ల "పెట్టె అంటే అగ్గిపెట్టె అంత ఉండేది" అనుకుంటుంది.

పలచటివి తప్పకుండా పెట్టండి. రూపాయి బిళ్ళ, కేరమ్ కాయిను. వీటిని పిల్లలంతా "సర్కిల్" అంటారు. ఒడిశాలో గంజపా అనే గుండ్రటి పేకముక్కలు ఉంటాయి, మీ ఇంట్లో పెద్దవాళ్ళ దగ్గర కట్ట ఉంటే అదృష్టమే. లేకపోతే కేరమ్ కాయిన్లు చాలు. ఒకటి చేతికిచ్చి "ఇదేటి?" అనండి. తరవాత ఒకదాని మీద ఒకటి పదీ పన్నెండూ పేర్చమనండి. పేర్చేసరికి సోలలాంటి ఆకారం నిలబడుతుంది. "ఎన్ని కాయిన్ల దగ్గర అది సర్కిల్ కాకుండా పోయింది?" అని అడిగి ఊరుకోండి. మా అరుగు మీద ఒకడు ఒక్కొక్కటే తీసుకుంటూ కిందకి వచ్చి, చివరి కాయిను దగ్గర ఆగి, దాని పక్కని వేలితో తడిమి, "ఇదీ కాదు. దీనికీ మందం ఉంది" అన్నాడు. రథయాత్రలో రథం చక్రాలు చూసే ఉంటారు పిల్లలు. పూరీలో జగన్నాథుడి రథానికి 16, బలభద్రుడి రథానికి 14, సుభద్ర రథానికి 12 చక్రాలు. చక్రం వృత్తమా, వృత్తం దాని మీద ఎక్కడుంది అని ఆ కాయిను తరవాత అడిగితే పిల్లలే చెప్తారు.

మొదటి పని: పేరు చెప్పకుండా వేరు చెయ్యడం

బుట్ట మధ్యలో బోర్లించి "రెండు కుప్పలు చెయ్యండి" అనండి. ఎలా చెయ్యాలో చెప్పకండి. మొదటిసారి రంగుని బట్టి వేరుచేస్తారు, లేదా వంటింటివి, ఆటవి అంటారు. కాదనకండి. "ఇది ఈ కుప్పలో ఎందుకు పెట్టావు?" అని ఒక్కొక్కటీ అడగండి. కారణం చెప్పడం అలవాటయ్యాక "రంగు చూడకుండా ఇంకోలా చెయ్యి" అనండి. రెండో మూడో ప్రయత్నంలో దొర్లేవి, దొర్లనివి అనే మాట దానంతట అదే వస్తుంది.

అప్పుడు పీట ఒకటి ఏటవాలుగా ఆన్చి వరసగా జారవిడవమనండి. ఇక్కడ తొందరపడకండి, ఈ ఆటకి అరగంట ఇచ్చినా తక్కువే. పెట్టె జారుతుంది, దొర్లదు. సెల్లు నిలబెడితే జారుతుంది, పడుకోబెడితే తిన్నగా దొర్లుతుంది. గోళీ ఎటు పెట్టినా దొర్లుతుంది. పుట్టినరోజు టోపీ మాత్రం తిన్నగా పోదు. నేల మీద పడుకోబెట్టి తోస్తే కొన చుట్టూ గుండ్రంగా తిరిగి వచ్చేస్తుంది. స్టీలు గ్లాసు చూడండి, అదీ వంకరగానే పోతుంది. "గ్లాసు సెల్లులా తిన్నగా ఎందుకు పోలేదు?" అని అడిగితే పెద్దపిల్లలు గ్లాసు పైన వెడల్పు, కింద సన్నం అని కనిపెడతారు. గ్లాసు, టోపీ రెండూ ఒకే కుటుంబం అని వాళ్ళకి వాళ్ళే చెప్తే ఆ రోజు పాఠం అయిపోయినట్టే. కొన కోసేసిన టోపీయే గ్లాసు.

అయిదారేళ్ళ పిల్లలకి ఇంతవరకే చాలు. నెల రోజులు ఇదే ఆడినా నష్టం లేదు.

రెండో పని: సంచిలో చెయ్యి

గుడ్డసంచిలో ఒక వస్తువు వేసి, ఒకరు లోపల చెయ్యి పెట్టి చూడకుండా చెప్పాలి, మిగతావాళ్ళు కనుక్కోవాలి. నిబంధన ఒక్కటే: అది దేనికి వాడతారో చెప్పకూడదు. "అగ్గి వెలిగిస్తారు" అంటే ఆట అవుట్.

మొదట్లో వచ్చే మాటలు ఇలా ఉంటాయి: "మెత్తగా ఉంది", "చిన్నగా ఉంది". ఇవి ఆకారం గురించి ఏమీ చెప్పవు. అయినా మీరు అందించకండి, కనుక్కునేవాళ్ళే విసుక్కుంటారు. "చిన్నదంటే ఏటిరా, ఎన్ని పక్కలున్నాయో చెప్పు!" అని అరుస్తారు. ఆ అరుపులోంచే మంచి మాటలు పుడతాయి. ఒక సాయంత్రం మూడో తరగతి బాబు సంచిలో చెయ్యి పెట్టి చాలాసేపు మాట్లాడలేదు. తరవాత చెప్పాడు: "ఒక పక్క చదునుగా ఉంది. మిగతాదంతా జారుగా ఉంది. ఒకచోట పొడుస్తోంది." పదమూడు మాటలు కూడా లేవు, శంకువు మొత్తం ఉంది అందులో. అట్టతో అడుగు అతికించిన టోపీ అది.

ఆ పొడుస్తోంది, జారుగా ఉంది, చదునుగా ఉంది అనే మాటల్ని ఒక కాగితం మీద వాళ్ళ మాటల్లోనే రాసి పెట్టుకోండి. తరవాత బడి మాటల్ని వీటి పక్కనే రాయాలి.

మూడో పని: ముఖం, అంచు, మూల

ఇక్కడ నాకు చాలా రోజులు తెలియని ఇబ్బంది ఒకటుంది. "అంచు చూపించు" అంటే కొంతమంది ఆడపిల్లలు పెట్టె పక్కభాగం మీద వెడల్పుగా అరచెయ్యి రాసేవాళ్ళు. ఎందుకో అర్థమయ్యేది కాదు. మాకు దగ్గర్లోనే బరంపురం పట్టుచీరలు. అంచు అంటే వాళ్ళకి జానెడు వెడల్పున మెరిసే పట్టీ. లెక్కల్లో అంచుకి వెడల్పే లేదు. రెండు ముఖాలు కలిసే గీత అది. కాబట్టి "చీర అంచు కాదమ్మా, రెండు పక్కలు కలిసేచోట వేలు పెట్టి గీత గియ్యి" అని పెట్టె మీద సుద్దతో గీయించండి. మూలతో కూడా ఇలాంటి ఇబ్బందే ఉంది. ఇంటి మూల అంటే పిల్లలకి చీపురు పెట్టే చోటు, అది లోపల్నుంచి కనిపించేది. పెట్టె మూలని బయట్నుంచి ముట్టుకుంటాం. గది మూలకి తీసుకెళ్ళి రెండు గోడలు, నేల ఒకచోట కలవడం చూపించండి. పెట్టె మూల దగ్గరా మూడే ముఖాలు కలుస్తాయి. అదీ ఇదీ ఒకటేనని తెలియగానే చాలామంది కళ్ళు పెద్దవి చేస్తారు.

ఇక లెక్క. మూలలకి బొట్టుబిళ్ళలు అతికించమనండి. సబ్బు పెట్టెకి ఎనిమిది. ముఖాలకి ఒక్కో అంకె రాయమనండి. ఆరు. అంచులు మాత్రం కష్టం. పెట్టె తిప్పుతూ లెక్కపెడితే పది, పద్నాలుగు, ఇరవై నాలుగు అని రకరకాలుగా చెప్తారు. ఇరవై నాలుగు అన్న పిల్లని కోప్పడకండి, ఆ జవాబు చాలా విలువైనది. ఆరు ముఖాలు, ఒక్కోదానికి నాలుగు అంచులు, మొత్తం 24 అని లెక్క కట్టింది. "ఈ అంచు ఏ ముఖానిది?" అని ఒక గీత మీద వేలు పెట్టి అడగండి. "దీనిది... దానిది కూడా" అంటుంది. ప్రతి గీతా రెండుసార్లు లెక్కలోకి వచ్చింది, సగం చేస్తే 12. పైన నాలుగు, కింద నాలుగు, నిలువు నాలుగు అని విడగొట్టే పద్ధతి మీరే చెప్పేస్తే అయిదు నిమిషాల్లో అయిపోతుంది, కానీ 24 నుంచి 12కి వచ్చిన పిల్లకి దొరికింది ఆ పద్ధతిలో దొరకదు.

నెదర్లాండ్స్‌లో పియెర్ వాన్ హీలే, డీనా వాన్ హీలే అనే దంపతులు 1957లో, పిల్లలు జామెట్రీ ఎలా నేర్చుకుంటారన్న విషయం మీద తమ పరిశోధనలు సమర్పించారు. ఇద్దరూ బడిలో పాఠాలు చెప్పినవాళ్ళే. ముందు మొత్తం రూపు చూసి గుర్తుపడతారు, తరవాత లక్షణాలు చూస్తారు, ఆ పైన ఒక లక్షణానికీ ఇంకో లక్షణానికీ సంబంధం చూస్తారు, ఒక మెట్టు ఎక్కకుండా తరవాతి మెట్టు ఎక్కలేరు అని వాళ్ళు చెప్పిన మాట. 24ని సగం చేసిన పిల్ల మూడో మెట్టు మీద కాలు పెట్టింది.

సెల్లుకి ముఖాలెన్ని అని తప్పకుండా గొడవ వస్తుంది. రెండు అని ఒకరు, మూడు అని ఒకరు. ఒక్కో పుస్తకంలో ఒక్కోలా ఉంటుంది. చదును ముఖాలు రెండు, వంపు ముఖం ఒకటి అని విడగొట్టి చెప్పడం నేర్పితే పరీక్షలో ఏ రకంగా అడిగినా ఇబ్బంది పడరు. టెన్షన్ అక్కర్లేదు.

పేర్లు ఇప్పుడు చెప్పండి. తెలుగులో ఘనం, దీర్ఘఘనం, స్థూపం, శంకువు, గోళం. ఒడియాలో సమఘన, ఆయతఘన, గోలక. వింటేనే దగ్గరగా ఉన్నాయి కదా, ఆ సంగతి పిల్లలకి చూపించండి. సిలిండర్ అంటే వాళ్ళకి గ్యాస్ బండే గుర్తొస్తుంది, అదీ మంచిదే: బండకి పైనా కిందా ఉబ్బుగా ఉంటుంది, నడుం మాత్రమే అసలైన స్థూపం అని వాళ్ళచేత చెప్పించండి. ఆలోచన మాత్రం తెలుగులో సాగనివ్వండి. ఈ ఊళ్ళోనే బడిపంతులుగా పనిచేసిన గిడుగు రామమూర్తి పంతులుగారు, సవర పిల్లలకి సవర భాషలోనే చదువు చెప్పాలని ఆ భాష నేర్చుకుని వాచకాలు తయారుచేశారు. ఇంటి మాటలో కారణం చెప్పగలిగిన పిల్ల ఒడియాలో పేరు నేర్చుకోవడానికి ఒక పూట చాలు.

నాలుగో పని: బఠాణీలు, చీపురుపుల్లలు

ఘుగుని కూర కోసం రాత్రి నానబెట్టిన బఠాణీల్లోంచి గుప్పెడు తీసి పెట్టండి. కొబ్బరి చీపురుపుల్లలు వేలెడు పొడవున సమానంగా విరవండి. బఠాణీ మూల, పుల్ల అంచు. రెండో రోజుకి బఠాణీ ఎండి పుల్లని గట్టిగా పట్టేస్తుంది. చిన్నపిల్లలకి బళ్ళు పెట్టిన జర్మనీ ఆయన ఫ్రెడరిక్ ఫ్రోబెల్ కూడా పుల్లలూ బఠాణీలతో ఈ పని చేయించారు. గోళం, స్థూపం, ఘనం మూడూ కలిపి పిల్లల చేతికిచ్చింది కూడా ఆయనే.

మొదలుపెట్టేముందు "ఎన్ని పుల్లలు, ఎన్ని బఠాణీలు కావాలో చెప్పి పట్టుకెళ్ళు" అనండి. మళ్ళీ మళ్ళీ వచ్చి అడిగితే ఇవ్వకండి. చేతికి అందేముందే బుర్రలో పెట్టె కట్టుకోవడం దీనివల్ల వస్తుంది. ఘనానికి 12 పుల్లలు, 8 బఠాణీలు. నాలుగు పలకల అడుగున్న పిరమిడ్‌కి 8 పుల్లలు, 5 బఠాణీలు. త్రిభుజం అడుగున్నదానికి 6 పుల్లలు, 4 బఠాణీలు.

కట్టడం అయ్యాక వేలితో మెల్లగా నొక్కమనండి. ఘనం పక్కకి వాలిపోతుంది. అన్నీ త్రిభుజాలే ఉన్నది కదలదు. ఎందుకని? నాలుగు పుల్లల చట్రం పొడవులు మారకుండానే వంకరపోగలదు, మూడు పుల్లలది పోలేదు. వాలిపోయిన ఘనానికి ఒక ముఖంలో ఐమూలగా పుల్ల పెట్టి చూడమనండి, ఆ ముఖం బిగుస్తుంది. మొత్తం బిగియడానికి ఎన్ని కావాలో వాళ్ళే తేల్చుకుంటారు. ఐమూల పుల్ల కాస్త పొడుగ్గా కావాలని అప్పుడు తెలుస్తుంది, అదే పుల్ల సరిపోదు. ఆ మర్నాటి నుంచి మా పిల్లలు కరెంటు టవర్లనీ, షెడ్డు పైకప్పు దూలాలనీ వేలు పెట్టి చూపించడం మొదలుపెట్టారు.

అయిదో పని: పెట్టె విప్పి చూడడం

టూత్‌పేస్టు డబ్బా జాగ్రత్తగా అతుకుల దగ్గర విప్పితే నేల మీద పరుచుకుంటుంది. లెక్కల పుస్తకంలో దీన్ని వల రూపం అంటారు. అతికించడానికి మడిచిన చెవులు కోసేయండి, లేకపోతే ముఖాలు ఎక్కువ లెక్కపెడతారు.

తరవాత అట్టతో ఆరు సమాన చతురస్రాలు కోసి, టేపుతో అంచులు కలిపి, మడిస్తే పెట్టె అయ్యేలా పరచమనండి. ఆరూ వరసగా పెడితే అవ్వదు. మూడేసి చొప్పున రెండు వరసలు జతగా పెట్టినా అవ్వదు. ఆరు చతురస్రాలని అంచులు కలిపి పరిచే రకాలు మొత్తం 35 ఉన్నాయి, వాటిలో పెట్టెగా మడతపడేవి 11 మాత్రమే. ఈ 11 అంకె పిల్లలకి ముందే చెప్పండి. ఎన్ని ఉన్నాయో తెలిస్తే వెతుకుతారు. తిప్పితే ఒకటేలా ఉన్నవి రెండుగా లెక్కపెట్టకూడదన్న విషయం మీద పెద్ద వాదన జరుగుతుంది, జరగనివ్వండి.

మడిచేముందే అడగాల్సిన ప్రశ్న: "మడిస్తే ఈ ముఖానికి ఎదురుగా ఏది వస్తుంది?" పాచికలో ఎదురెదురు ముఖాల చుక్కలు కలిపితే ఎప్పుడూ 7. ఖాళీ వల రూపం మీద చుక్కలు వేసి, మడిచాక 7 వచ్చేలా చెయ్యమనండి. అయిదో తరగతి పిల్లలకి ఇది సరిగ్గా సరిపోయే కష్టం.

ఆరో పని: ముగ్గులో పెట్టె

కాగితం మీద పెట్టె గీయడం పిల్లలకి అన్నిటికన్నా కష్టం. కనిపించేవి మూడు ముఖాలే అయినా తెలిసిన ఆరూ గీసేస్తారు. ముందు ఒక పెట్టెని ఎటు తిప్పినా ఒకేసారి మూడుకన్నా ఎక్కువ ముఖాలు కనపడవని వాళ్ళచేతే తేల్చించండి.

ఇప్పుడు ముగ్గుపిండి తీయండి. 3 చుక్కలు, 2 వరకు సందుచుక్క. అంటే మధ్య వరసలో మూడు, పైన సందుల్లో రెండు, కింద సందుల్లో రెండు. బయట ఆరు చుక్కలూ వరసగా కలపండి, ఆరు పలకల ఆకారం వస్తుంది. మధ్య చుక్క నుంచి మూడు గీతలే గియ్యండి: మధ్య వరస ఎడమ చివరి చుక్కకి ఒకటి, పై వరస కుడి చుక్కకి ఒకటి, కింది వరస కుడి చుక్కకి ఒకటి. లేచి ముగ్గుకి ఎడమవైపు వెళ్ళి నిలబడి చూడండి. నేల మీద పెట్టె లేచి కూర్చుంటుంది, పై ముఖం, రెండు పక్క ముఖాలు.

మా దగ్గర ఒక పిల్ల అదే ముగ్గుని కుడివైపు నుంచి చూసి "నాకు పెట్టె కాదు, గది మూల కనిపిస్తోంది అత్తా" అంది. నిజమే. అటునుంచి నేల, రెండు గోడలు కలిసినట్టు ఉంటుంది. గీతలు మారలేదు, నిలబడ్డ చోటు మారింది. ఆ రోజంతా పిల్లలు అటూ ఇటూ పరిగెడుతూ చూశారు. చుక్కలు పెంచితే పెట్టె మీద పెట్టె, మెట్లు కూడా గీయొచ్చు. మార్గశిర మాసం గురువారాల్లో మా ఒడియా పొరుగువాళ్ళ వాకిళ్ళలో బియ్యప్పిండి ఝోటి చిత్రాలు వేసి, కొలత పాత్ర మాణలో కొత్త ధాన్యం పోసి లక్ష్మీదేవిగా పూజిస్తారు. మా పిల్లలు అక్కడికి ప్రసాదానికి వెళ్ళి మాణ చూసి "స్థూపం" అని వచ్చి చెప్పారు.

కరెంటు పోయినప్పుడు టార్చితో గోడ మీద నీడలు వేయించండి. సెల్లుని ఒకవైపు తిప్పితే నీడ గుండ్రం, ఇంకోవైపు తిప్పితే దీర్ఘచతురస్రం. "పైనుంచి గుండ్రం, పక్కనుంచి త్రిభుజం, ఏది అది?" అనే పొడుపుకథ నీడలు చూసినవాళ్ళకి వెంటనే విడిపోతుంది.

ఏడో పని: కొయ్యడం

కత్తి మీ చేతిలోనే ఉండాలి. పెద్ద బంగాళాదుంపని ఘనంగా చెక్కండి. ఒక మూల కోసే ముందు అడగండి: "ఎనిమిది మూలల్లో ఒకటి కోసేస్తే ఎన్ని మిగుల్తాయి?" అందరూ ఏడు అంటారు. కోసి చేతికివ్వండి. కోసినచోట చిన్న త్రిభుజం, దానికి మూడు మూలలు. ఒకటి పోయి మూడు వచ్చాయి, మొత్తం పది. ముఖాలు ఏడు, అంచులు పదిహేను. నేను ఎన్నిసార్లు చేయించినా ఈ చోట పిల్లలు దుంపని పట్టుకుని మళ్ళీ మళ్ళీ లెక్కపెడతారు.

ఆరు, ఏడు తరగతుల పిల్లలైతే ఒక పట్టిక రాయించండి. ఘనం: మూలలు 8, ముఖాలు 6, అంచులు 12. టేబుల్ క్యాలెండర్ ఆకారం: 6, 5, 9. పిరమిడ్: 5, 5, 8. కోసిన దుంప: 10, 7, 15. ప్రతి వరసలో మూలలూ ముఖాలూ కలిపి అంచులు తీసేయమనండి. అన్నిటికీ 2 వస్తుంది. స్విట్జర్లాండ్‌లో పుట్టిన లియొనార్డ్ ఆయిలర్ 1750లో ఈ సంగతి తన స్నేహితుడు గోల్డ్‌బాక్‌కి ఉత్తరంలో రాశాడు. ఎనిమిది మూలలూ కోసేస్తే ఎంతవుతుందో లెక్కగట్టి చెప్పమనండి, దుంప కోసేది తరవాత. జవాబు 24, 14, 36.

అడ్డంగా కోసిన ముఖాలు కూడా చూపించండి. ఘనాన్ని తిన్నగా కోస్తే చతురస్రం, మూలలో కోస్తే త్రిభుజం. క్యారెట్‌ని ఏటవాలుగా కోస్తే కోడిగుడ్డులా సాగిన గుండ్రం. వంట చేస్తూనే చెప్పొచ్చు ఇదంతా.

కొలత, పెద్దపిల్లలకి

10 సెంటీమీటర్ల వ్యాసార్థంతో అర్ధవృత్తం అట్టలో కోసి, తిన్నటి అంచు రెండు సగాలూ కలిపి చుడితే శంకువు వస్తుంది. దాని మూతి వ్యాసార్థం 5 సెంటీమీటర్లు, ఎత్తు సుమారు 8.7. అదే ఎత్తున అట్టపట్టీ కోసి, అదే మూతి సైజుకి గొట్టంలా చుట్టి, పళ్ళెంలో నిలబెట్టండి. చుట్టుకొలత 31.4 సెంటీమీటర్లు, అతుక్కి కాస్త ఎక్కువ ఉంచుకోండి. బియ్యం శంకువులో నింపి గొట్టంలో పోస్తే ఎన్నిసార్లు పడుతుందో ముందు ఊహించమనండి. చాలామంది రెండు అంటారు. మూడు పడుతుంది. పక్కనుంచి చూస్తే త్రిభుజం దీర్ఘచతురస్రంలో సగమే కదా అని వాదించినవాడికి, ఆ వాదన కాగితం మీద నిజమేనని కూడా చెప్పండి. మందం ఉన్నచోట ఎందుకు మారిందని అడిగి వదిలేయండి.

వచ్చిందో లేదో తెలుసుకోవడం

ప్రశ్నపత్రం ఇవ్వకండి. ఇద్దరిని వీపులు ఆన్చి కూర్చోబెట్టి, ఒకరు అగ్గిపెట్టెలూ సెల్లులతో ఏదైనా కట్టి, మాటలతో చెప్పి రెండోవాళ్ళచేత అదే కట్టించాలి. "ఇక్కడ పెట్టు" అంటే కుదరదు. "పెద్ద ముఖం కిందకి వచ్చేలా పడుకోబెట్టు, దాని కుడి అంచుకి ఆనించి సెల్లు నిలబెట్టు" అనాలి. రెండు కట్టడాలూ ఒకేలా వచ్చాయంటే ముఖం, అంచు, మూల వాళ్ళకి వచ్చేసినట్టే.

ఇంకో ప్రశ్న కూడా అడుగుతాను నేను. మా ఊరు కొమ్ముబొమ్మలకి పేరు. ఒక ఖాళీ కొమ్ము తెచ్చి మధ్యలో పెట్టి "ఇది శంకువేనా?" అన్నాను. అవునని ఆరుగురు, కాదని ముగ్గురు. మూతి గుండ్రం, కొన ఉంది, ఇంకేం కావాలి అన్నారు ఆరుగురు. పాచికని స్క్వేర్ అన్న పిల్లే, ఇప్పుడు అయిదో తరగతి, స్కేలు తెచ్చింది. టోపీ మీద కొన నుంచి మూతి దాకా పెట్టి చూపించింది, ఆనింది. కొమ్ము మీద పెట్టింది.

"చూడు, ఆనట్లేదు" అంది. కాసేపు కొమ్ముని తిప్పి, "ఈ కొన దగ్గర చిన్న ముక్క వరకు కోస్తే ఆనుతుందేమో" అని మళ్ళీ స్కేలు పెట్టింది.